వీధి ఫొటోలకు మూడు లెన్సులా, ఒకటా?

ప్రశ్న: నా దగ్గర ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ30 టూ, 18-55 జూమ్ ఉన్నాయి. వచ్చే నెల రెండు వారాల ప్రయాణం పెట్టుకున్నాను. రోజంతా నడకే. వీధుల్లో మనుషుల్నే ఎక్కువగా తీస్తాను. జూమ్ పక్కనపెట్టి, జూమ్ అవ్వని ప్రైమ్ లెన్సులకు మారదామని ఉంది. 16 ఎఫ్/1.4, 23 ఎఫ్/1.4, 56 ఎఫ్/1.2, ఈ మూడూ తీసుకుంటే అన్నిటికీ సరిపోతాయా? ఎఫ్/2 లెన్సులు తేలికే గానీ రాత్రిపూట పనికిరావని కొందరు అంటున్నారు, నిజమేనా? పోయినసారి సంచి మోసి మోసి భుజం పట్టేసింది.

సమాధానం: మీ భుజం నొప్పికి కారణం మీరు రాసిన జాబితాలోనే కనిపిస్తోంది. (16, 23 లాంటివి మిల్లీమీటర్లలో ఫోకల్ లెంత్, అది చిన్నదైతే చూపు వెడల్పు. ఎఫ్ పక్కనున్నది ఎపర్చర్, అంటే వెలుగు వచ్చే సందు, ఆ అంకె చిన్నదైతే వెలుగు ఎక్కువ.) 16 ఎఫ్/1.4 బరువు 375 గ్రాములు, కొత్త 23 ఎఫ్/1.4 మరో 375, కొత్త 56 ఎఫ్/1.2 ఏమో 445. మొత్తం 1,195 గ్రాములు. మీ కెమెరా బాడీ బ్యాటరీ, కార్డుతో కలిపి 378 గ్రాములే. అంటే కెమెరాకి మూడింతలు మించిన గాజు మోస్తారన్నమాట. అందులో ఎప్పుడు చూసినా రెండు లెన్సులు సంచిలోనే పడి ఉంటాయి. అదే 23 ఎఫ్/2 అయితే 180 గ్రాములు. 27 ఎఫ్/2.8 డబ్ల్యూఆర్ (తడి, దుమ్ము తట్టుకునే రకం) అయితే 84 గ్రాములే. మీ జూమ్ 310.

కాబట్టి ఒక్క లెన్సు కొనండి. 23 ఎఫ్/2 గానీ, 27 ఎఫ్/2.8 గానీ. ఈ రెండింట్లో ఏదన్నది వాటికున్న పేరుని బట్టి కాదు, మీరు మనుషులకి ఎంత దూరంలో నిలబడే అలవాటుందన్నదాన్ని బట్టి తేలాలి.

దాని లెక్క చాలా సులువు. మీ కెమెరా సెన్సార్ వెడల్పు 23.5 మిల్లీమీటర్లు. 23 లెన్సు పెట్టారనుకోండి, రెండు అంకెలూ దాదాపు ఒకటే గనక మీకూ మనిషికీ మధ్య ఎంత దూరముందో ఫ్రేము కూడా అంతే వెడల్పు పడుతుంది. 3 మీటర్ల దూరంలో సుమారు 3 మీటర్ల వెడల్పు, 2 మీటర్ల ఎత్తు. నిలబడ్డ మనిషి తల మీద, పాదాల కింద కాస్త ఖాళీతో నిండుగా పడతాడు, ఇరుపక్కలా వీధి కూడా వస్తుంది. అదే 3 మీటర్ల దగ్గర 27 లెన్సుకి 2.6 మీటర్ల వెడల్పు, 1.7 మీటర్ల ఎత్తు వస్తాయి. మనిషి సరిగ్గా అంచుల దాకా వచ్చేస్తాడు, లేదంటే మీరు ఒక అడుగో రెండడుగులో వెనక్కి వెయ్యాలి. 35 లెన్సుకి 2 మీటర్ల వెడల్పు, 1.3 ఎత్తు. మోకాళ్ళ పైనుంచే వస్తాడు. 16 అయితే 4.4 మీటర్ల వెడల్పు పడుతుంది. మనిషి చిన్నగా కనిపిస్తాడు, చుట్టూ చెత్తంతా ఫ్రేములోకి దూరుతుంది. దగ్గరికి వెళ్ళి సరిచేద్దామంటే రెండు మీటర్ల దాకా పోవాలి, అప్పుడు అంచున నిలబడ్డవాళ్ళ ముఖాలు పక్కకి సాగినట్టు వస్తాయి. భవనాలకి, ఇరుకు గదులకి 16 బాగుంటుంది. మనుషుల కోసమని దాన్ని మొదటి లెన్సుగా కొనడం మాత్రం మేము ఒప్పుకోం.

ఫుల్ ఫ్రేమ్ (పాత 35 మిల్లీమీటర్ల ఫిల్మంత సెన్సార్) భాషలో చెప్పుకోవాలంటే 1.5తో గుణించండి. 18 అంటే 27, 23 అంటే దాదాపు 35, 27 అంటే దాదాపు 40, 35 అంటే 50కి కాస్త పైన. ఆంరీ కార్టియర్-బ్రెస్సాన్ ఎక్కువ కాలం 50తో పనిచేశాడు. గ్యారీ వినోగ్రాండ్ 28తో జనంలోకి చొచ్చుకుపోయాడు. ఇద్దరిదీ వీధి ఫొటోగ్రఫీయే. నిలబడ్డ దూరాలే వేరు. ఫ్యూజీ వాళ్ళ ఎక్స్100 వరస కెమెరాలు 2011లో మొదటిది అమ్మకానికి వచ్చినప్పటి నుంచీ 23 ఎఫ్/2నే విడదీయరాకుండా బిగించుకుని వస్తున్నాయి. ఆ చూపు ఎక్కువమందికి ఇబ్బంది లేకుండా అలవాటవుతుందనడానికి అదో ఆధారం.

మీ దూరం ఎంతో తెలుసుకోవడానికి పాత ఫొటోల వివరాల్లో ఫోకల్ లెంత్ చూసుకోమని అందరూ చెబుతారు. చూడండి గానీ, ఒక మెలిక ఉంది. జూమ్ వాడేవాళ్ళకి ఫొటోలు ఎప్పుడూ రెండు కొసల్లోనే పోగుపడతాయి. చెయ్యి రింగుని ఆ చివరికో ఈ చివరికో తిప్పేస్తుంది. 18 దగ్గర 900 ఫొటోలు, 55 దగ్గర 700 ఉన్నాయంటే మీకు 18, 55 ఇష్టమని కాదు, రింగు అక్కడ ఆగిందంతే. ఆ రెండు కుప్పలూ తీసేసి మధ్యలో మిగిలినవి చూడండి. అక్కడ ఏ అంకె చుట్టూ గుంపు కట్టాయో అదే మీది.

ఇంకా నమ్మకమైన దారి కాగితపు టేపు. జూమ్ రింగుని 23 దగ్గర పెట్టి ఒక ఫొటో తీయండి. వివరాల్లో ఫోకల్ లెంత్ చూసి అటూ ఇటూ సరిచేసుకుని, రింగు కదలకుండా టేపు అంటించండి. ఎపర్చర్, ఫోకస్ రింగుల మీదికి టేపు రానివ్వకండి. మూడు రోజులు, రోజుకో గంట చొప్పున అలాగే తీయండి. తర్వాతి మూడు రోజులు 27 దగ్గర పెట్టి తీయండి. ఇంటికొచ్చాక చూడాల్సింది ఎన్ని బాగా వచ్చాయన్నది కాదు, ఎన్నిటిని క్రాప్ చేయాల్సి వచ్చిందన్నది. 23తో తీసినవాటిలో సగానికి పైగా అంచులు కోశారంటే మీకు 27 నప్పుతుంది. 27తో తీసినవాటిలో కాళ్ళు తెగిపోయి, పక్క మనిషి సగమే పడి, వెనక్కి జరగడానికి చోటు లేక వదిలేసినవి ఎక్కువైతే 23 తీసుకోండి. ఇరుకు వీధుల్లో వెనక్కి జరగలేం గనక, తేల్చుకోలేని పక్షంలో మా ఓటు 23కే.

ఇప్పుడు రాత్రి సంగతి. ఎఫ్/1.4కీ ఎఫ్/2కీ తేడా ఒక్క స్టాప్, అంటే వెలుగు రెట్టింపు. అంతకంటే ఏమీ లేదు. దీపాలున్న మామూలు వీధిలో రాత్రి 1/250 షట్టర్ స్పీడుకి ఎఫ్/2 దగ్గర ఐఎస్ఓ (కెమెరా వెలుగుని ఎంత పెంచి చూపాలన్న అంకె) సుమారు 3200 కావాలి. ఎఫ్/1.4 అయితే 1600, ఎఫ్/2.8 అయితే 6400. వెలుగు గట్టిగా ఉన్న అంగళ్ళ ముందు ఎఫ్/2కి 800 కూడా చాలు. మీ సెన్సార్‌కి 3200 భారం కాదు. 6400 దగ్గర గింజల్లాంటి చుక్కలు తెలుస్తాయి గానీ ఫొటో చెడదు. ఆ ఒక్క స్టాప్ కోసం 180 గ్రాముల లెన్సు బదులు 375 గ్రాములది మెడలో వేసుకోవడం గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమే.

పైగా ఎఫ్/1.4 పూర్తిగా తెరిచి 2 మీటర్ల దూరాన్న మనిషిని తీస్తే ఫోకస్‌లో ఉండేది సుమారు 1.8 నుంచి 2.2 మీటర్ల వరకే. నడుస్తున్న మనిషి ఒక్క అంగలో ఆ పట్టీ దాటేస్తాడు. చీకట్లో ఆటోఫోకస్ కొంచెం తడబడినా ఫొటో పోయినట్టే. చాలామంది ఎఫ్/1.4 కొన్నాక రాత్రిపూట దాన్ని ఎఫ్/2కి దించే వాడుతుంటారు, కారణం ఇదే.

ఇంకో పొరపాటు ఆలోచన కూడా చెప్పాలి. ప్రైమ్ అనగానే వెలుగు బోలెడు పెరుగుతుందనుకుంటారు. మీ జూమ్ 18 దగ్గర ఎఫ్/2.8, 55 దగ్గర ఎఫ్/4. 23 దగ్గర సందు ఎఫ్/2.8 కంటే కాస్త చిన్నగా ఉంటుంది, అంతే. కాబట్టి 23 ఎఫ్/2తో మీకు కలిసొచ్చేది ఒక స్టాప్‌కి కొంచెం పైన. 27 ఎఫ్/2.8తో దాదాపు ఏమీ కలిసిరాదు. పైగా మీ జూమ్‌లో చేతి వణుకుని అదుపుచేసే స్టెబిలైజర్ ఉంది. ఈ ప్రైమ్‌లలో లేదు, మీ బాడీలోనూ లేదు. నిశ్చలంగా ఉన్న రాత్రి దృశ్యాన్ని జూమ్‌తో 1/10కి చేత్తోనే తీయగలిగినవాళ్ళు 23 ప్రైమ్‌తో 1/60 కంటే కిందికి దిగకూడదు. నడిచే మనుషులకి మాత్రం స్టెబిలైజర్ ఉన్నా లేనట్టే. అది మీ చేతిని ఆపుతుంది గానీ ఎదుటివాడి కాలిని ఆపదు.

కాలు మాట వచ్చింది గనక దగ్గరగా చూద్దాం. మామూలు నడక సెకనుకి 1.4 మీటర్లు. 3 మీటర్ల దూరంలో మనిషి మీ ముందు అడ్డంగా నడుస్తుంటే, 23 లెన్సు వెనక సెన్సార్ మీద అతని బొమ్మ సెకనుకి దాదాపు 10.7 మిల్లీమీటర్లు జరుగుతుంది. 1/250 సెకనులో 0.043 మిల్లీమీటరు. మీ 26 మెగాపిక్సెళ్ళ సెన్సార్ మీద అది 11 పిక్సెళ్ళు. ఫోన్‌లో చూస్తే తెలియదు, పెద్ద ప్రింటులో ముఖం మెత్తగా కనిపిస్తుంది. 1/500 అయితే ఐదారు పిక్సెళ్ళు. చేతులూ పాదాలూ ఇంకా వేగంగా కదులుతాయి గనక అవి కాస్త చెరిగే ఉంటాయి, అది అందమే. ‘నా లెన్సు షార్ప్‌గా లేదు’ అనే ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం లెన్సు కాదు, 1/125. కాబట్టి ఆటో ఐఎస్ఓలో కనిష్ఠ షట్టర్ స్పీడు పగలు 1/500, రాత్రి 1/250 అని, గరిష్ఠ ఐఎస్ఓ 6400 అని పెట్టుకోండి. ఆ పైన దాన్ని ముట్టుకోకండి.

మీరు కొనబోయే రెండింటి లోపాలు కూడా తెలుసుకుని కొనండి. 23 ఎఫ్/2 ఆటోఫోకస్ చురుకైనది, చప్పుడు చేయదు, ముందు భాగం సన్నబడి ఉంటుంది గనక వ్యూఫైండర్‌కి అడ్డురాదు. కానీ ఎఫ్/2 దగ్గర అరమీటరు లోపలి వస్తువుల్ని తీస్తే పొగమంచు పట్టినట్టు మెత్తగా వస్తుంది. చేతిలో టీ గ్లాసో, బల్ల మీది పళ్ళెమో తీసేటప్పుడు ఎఫ్/4కి దించండి, తేటపడుతుంది. రెండు మీటర్ల అవతల ఈ బెడద లేదు. 27 ఎఫ్/2.8 మందం 23 మిల్లీమీటర్లే, కెమెరా జేబులో పట్టేస్తుంది. కానీ ఫోకస్ చేసినప్పుడల్లా లోపలి గొట్టం ముందుకీ వెనక్కీ కదులుతుంది, గర్రుమంటుంది, 23 అంత చురుకు కాదు. 2013లో వచ్చిన పాత 27కి ఎపర్చర్ రింగు లేదు, 2021లో వచ్చిన డబ్ల్యూఆర్‌కి ఉంది. సెకండ్ హ్యాండ్‌లో కొనేటప్పుడు ఏదిస్తున్నారో చూసుకోండి. ఇక పేరు చివర డబ్ల్యూఆర్ చూసి వానలో ధైర్యం చేయకండి. లెన్సు మౌంట్ దగ్గర రబ్బరు ఉన్నా, మీ ఎక్స్-టీ30 టూ బాడీకి ఆ రక్షణ లేదు. నీళ్ళు మీటల సందుల్లోంచి దిగుతాయి.

తేలిక లెన్సు నుంచి పూర్తి ప్రయోజనం రాబట్టాలంటే జోన్ ఫోకసింగ్, అంటే ముందే ఒక దూరానికి ఫోకస్ పెట్టి ఉంచుకోవడం, నేర్చుకోవాలి. ఆటోఫోకస్ వెతుకులాట లేకుండా, కెమెరా కంటికి ఆనించగానే నొక్కేయొచ్చు. బాడీ ముందున్న ఫోకస్ మీటని ‘ఎం’ (మాన్యువల్)కి తిప్పండి. ఎపర్చర్ ఎఫ్/8 పెట్టండి. సుమారు రెండున్నర మీటర్ల దూరంలో ఉన్న దేనిమీదైనా వెనకున్న ఫోకస్ లాక్ మీటతో ఒకసారి ఫోకస్ చేసి వదిలేయండి. 23 లెన్సుకి 1.4 మీటర్ల నుంచి 10 మీటర్ల దాకా అంతా తేటగా వస్తుంది. 27కి 1.6 నుంచి 5.5 వరకు. ఎఫ్/5.6కి దిగితే 23కి 1.6 నుంచి 5.3, అది కూడా వీధికి చాలు. ఎఫ్/2 దగ్గర మాత్రం 2.1 నుంచి 3.1 వరకే మిగులుతుంది. అందుకే జోన్ ఫోకసింగ్ పగటి పని, రాత్రికి ఆటోఫోకస్సే. నీడలో ఎఫ్/8, 1/500కి ఐఎస్ఓ 800 అవుతుంది, కంగారు పడకండి.

ఇక్కడ రెండుచోట్ల బోల్తా పడతారు. స్క్రీన్ మీద దూరం గీతల పక్కన ఎంత మేర తేటగా వస్తుందో చూపే నీలి పట్టీ మేము చెప్పినదాని కంటే చాలా చిన్నగా కనిపిస్తే మెనూలో డెప్త్ ఆఫ్ ఫీల్డ్ స్కేల్ అనే చోట ‘పిక్సెల్ బేసిస్’ ఉన్నట్టు. దాన్ని ‘ఫిల్మ్ ఫార్మాట్ బేసిస్’కి మార్చండి. మొదటిది ఫొటోని వంద శాతం పెంచి చూసేవాళ్ళ లెక్క, రెండోది మామూలు ప్రింటు లెక్క. రెండోది, ఈ లెన్సుల ఫోకస్ రింగుకి లోపలి గాజుతో నేరుగా లంకె లేదు, మోటారు తిప్పుతుంది. కెమెరా ఆపి తెరిచినా, నిద్ర నుంచి లేచినా దూరం మారిపోయి ఉండొచ్చు. లేచినప్పుడల్లా స్కేలు మీద ఓ చూపు వేయండి. వేలు తగిలి రింగు తిరగడం కూడా మామూలే. ఈ తలనొప్పి అసలే వద్దనుకునేవాళ్ళకి ఫోక్ట్‌లాండర్ 27 ఎఫ్/2 ఉంది. 120 గ్రాములు, దూరం గీతలు లెన్సు మీదే చెక్కి ఉంటాయి, పెట్టినచోటే నిలుస్తుంది. ఆటోఫోకస్ ఉండదు. అలవాటున్న చేతికి అద్భుతం, రెండు వారాల ప్రయాణానికి కొత్తగా మొదలుపెట్టేవారికి మాత్రం చెప్పం.

రెండో లెన్సు కావాలా? నిజంగా కావాలనిపిస్తే మొదటిదానికి కనీసం రెండింతలు ఉండాలి. 23తో 50 ఎఫ్/2 నప్పుతుంది. అది 200 గ్రాములు, రెండూ కలిపి 380, మీరు రాసిన మూడింటిలో మూడో వంతు కూడా లేదు. 3 మీటర్ల దగ్గర దానికి 1.4 మీటర్ల వెడల్పే పడుతుంది గనక దూరంగా ఉండి ముఖాలు తీయడానికి పనికొస్తుంది. 23, 27 రెండూ కొనడం మాత్రం డబ్బు దండగ. నాలుగడుగులు వేస్తే తీరే తేడా అది. మీరు దూరపు ముఖాలు అంతగా తీయరనుకుంటే రెండోది కొననే వద్దు. జూమ్‌ని వెంట తీసుకెళ్ళి గదిలో ఉంచండి. కొండలు, కోటలు చూసే రోజున దాన్ని, వీధుల్లో తిరిగే రోజున ప్రైమ్‌ని బిగించుకుని బయల్దేరండి. లెన్సు మార్చే పని ఉదయం గదిలోనే అయిపోతే సెన్సార్ మీద దుమ్ము పడదు, దారిలో మనసూ ఊగిసలాడదు.

బయట మార్చక తప్పకపోతే కెమెరా ఆపేసి, గాలికి వీపు పెట్టి, బాడీ నోరు నేలకి తిప్పి పట్టుకోండి. కొత్త లెన్సు వెనక మూత ముందే వదులు చేసి ఉంచుకుంటే బాడీ తెరిచి ఉండేది మూడు నాలుగు సెకన్లే.

చిన్న విషయాలు. 23 ఎఫ్/2కీ 35 ఎఫ్/2కీ ఫిల్టర్ కొలత 43 మిల్లీమీటర్లే, ఒకే మూత సరిపోతుంది. 50కి 46. గాజు కాపాడుకోవడానికి ఫిల్టర్ పెట్టేవాళ్ళు రాత్రిపూట తీసేయండి. దీపాల ప్రతిబింబాలు ఫిల్టర్‌కీ లెన్సుకీ మధ్య తిరిగి, ఫ్రేములో ఎదురుమూల పచ్చటి చుక్కలుగా పడతాయి. వేలిముద్రల నుంచి, దెబ్బల నుంచి కాపాడటానికి హుడ్ చాలు.

కొన్నాక ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఒక పరీక్ష చేయండి, ముఖ్యంగా సెకండ్ హ్యాండ్‌దైతే. కెమెరాని ట్రైపాడ్ మీద పెట్టి, కనీసం 15 మీటర్ల దూరంలో ఉన్న ఒక బోర్డునో కిటికీనో ఎంచుకోండి. ముందు దాన్ని ఫ్రేము మధ్యలో ఉంచి, ఎపర్చర్ పూర్తిగా తెరిచి ఫోకస్ చేసి, మీటని ‘ఎం’కి తిప్పండి. తర్వాత కెమెరాని జరుపుతూ అదే బోర్డుని నాలుగు మూలల్లో ఒక్కొక్క ఫొటో తీయండి. నాలుగు మూలలూ ఒకేలా కొంచెం మెత్తగా ఉంటే అది ఆ లెన్సు స్వభావం. మూడు బాగుండి ఒక్క మూల మసకబారితే లోపలి గాజు పక్కకి ఒరిగినట్టు. ఎఫ్/4కి దించినా ఆ మూల తేరుకోకపోతే ఉంచుకోకండి. లెన్సు వెనక నుంచి టార్చి వేసి ముందు నుంచి చూడండి. ఒకట్రెండు దుమ్ము రేణువులు పరవాలేదు, సాలెగూడులాంటి పోగులు కనిపిస్తే బూజు. చివరగా ఆటోఫోకస్‌తో ఒకే బోర్డుని పదిసార్లు తీయండి, ప్రతిసారీ మధ్యలో చేతిని అడ్డుపెట్టి ఫోకస్‌ని చెదరగొట్టి మళ్ళీ పట్టించండి. పదింటిలో తొమ్మిది అదే తేటతనంతో రావాలి. రాకపోతే తిరిగిచ్చే గడువు ఎప్పటిదాకా ఉందో రసీదు తీసి చూసుకోండి.